వేగమునకు పగ్గము: డిస్కు బ్రేకు పుట్టుపూర్వోత్తరములు

మోటారు కారు చరిత్ర వ్రాసినవారిలో పెక్కుమంది ఇంజను చరిత్రనే వ్రాసిరి. ఏ సంవత్సరమున ఎన్ని గుర్రముల బలము పెరిగినది, ఏ పందెమున ఎవరు ఎంత వేగముతో పోయిరి అను ముచ్చటలకు గ్రంథములలో కొదవ లేదు. ఆ వేగమును అణచి కారును నిలుపు సాధనమునకు మాత్రము ఒక మూల నాలుగు పంక్తులు దక్కినవి. శక్తిమంతమైన కారు గలవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు ప్రశ్న యొకటి కలదు. అరిగిపోయిన బ్రేకు ప్యాడులను, డిస్కులను మార్చవలసి వచ్చినప్పుడు దేనిని ఎన్నుకొనవలెను? అంగడిలో రంధ్రములున్న డిస్కులు, గాళ్లు తీసిన డిస్కులు, లోహపు ప్యాడులు, పింగాణీ ప్యాడులు, పందెముల వారి ప్యాడులు వరుసగా కనిపించును. ధర యెక్కువైనదే మేలైనదని తోచుట సహజము. సమాధానము ధరల పట్టికలో లేదు, నూరేండ్లకు మించిన ఒక చరిత్రలో కలదు. దానిని సంగ్రహముగా చెప్పుటయే మా ఉద్దేశము.

ముందుగా బ్రేకు చేయు పని యేమిటో తెలిసికొందము. బ్రేకు వేగమును మాయము చేయదు. దానిని వేడిగా మార్చును. పదునైదు వందల కిలోల బరువు గల కారు గంటకు 108 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నప్పుడు దానిలోని గతిశక్తి 6,75,000 జౌళ్లు. వంటింటి లెక్కలో చెప్పవలెనన్న, రెండు లీటర్లకు పైబడిన చన్నీటిని తెర్లించుటకు చాలిన వేడి అది. పొయ్యి మీద ఆ పనికి చాల నిమిషములు పట్టును. గట్టిగా త్రొక్కిన బ్రేకునకు నాలుగైదు సెకండ్ల కంటె వ్యవధి యుండదు. వేగము రెండింతలైన వేడి రెండింతలు కాదు, నాలుగింతలగును. అదే కారు 216 కిలోమీటర్ల వేగము నుండి ఆగవలెనన్న తొమ్మిది లీటర్ల నీరు తెర్లునంత వేడి పుట్టును. ఈ వేడిని పుట్టించుట, భరించుట, గాలిలోనికి వదలుట అను మూడు పనులే బ్రేకు చరిత్ర యంతయు.

కథ గుర్రపు బండ్లతో ఆరంభమగుచున్నది. 1897 ప్రాంతమున ఇంగ్లండులోని డెర్బీషైరు కొండసీమలో హెర్బర్టు ఫ్రూడు అనునాతడు ఒక చిన్న విషయమును గమనించెను. దిగుడు బాటలలో బండ్లు తోలువారు తమ చెక్క బ్రేకు దిమ్మెలకు పాత బూట్ల ముక్కలను తగిలించుచుండిరి. చెక్క కంటె ఆ ముక్క చక్రమును బిగువుగా పట్టుచుండెను. ఫ్రూడు ఆ పాత బూటులో ఒక పరిశ్రమను చూచెను. నేసిన పట్టీలను జిగురు పదార్థములలో నానబెట్టి బ్రేకు దిమ్మెలను తయారుచేసెను. తన యింటిపేరులోని అక్షరములను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్తు పేరులోని తొలి అక్షరమును చేర్చి ‘ఫెరోడో’ అను వ్యాపార నామమును కూర్చెనని చెప్పుదురు. గుర్రపు బండికి ఆ దిమ్మె చాలినది కాని మోటారు బండికి చాలలేదు. వేడికి నూలు మాడిపోవుచుండెను. మాడని నూలు కావలసి వచ్చినది. 1908 నాటికి ఫ్రూడునకు అది ఆస్‌బెస్టాస్ రూపమున, అనగా మనము రాతినార యని పిలుచు ఖనిజ రూపమున, దొరికినది. ఆ వరము వెనుక నున్న శాపమును తరువాత చెప్పెదము.

ఇంతలో 1902 సంవత్సరమున రెండు ఉపాయములు పుట్టినవి. బర్మింగుహాములో ఫ్రెడరిక్ లాంచెస్టరు అను ఇంజనీరు డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. చక్రముతో కూడ తిరుగు పలుచని లోహపు బిళ్లను, రెండు ప్రక్కల నుండి రెండు ముక్కలు, చిటికెన పట్టినట్లు పట్టుకొనుటయే దాని సూత్రము. అదే యేట ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించెను. డోలు వంటి లోహపు గిన్నె చక్రముతో తిరుగుచుండగా లోపలి నుండి రెండు కమానులు విచ్చుకొని దాని గోడను ఒరయును. ఈ రెండింటిలో డ్రమ్మునకే లోకము ఓటు వేసినది. లాంచెస్టరు బిళ్లను పట్టినవి రాగి ముక్కలు. లోహము లోహమును ఒరసికొని చెవులు చిల్లులు పడునట్లు కీచుమనుచుండెను. ఆనాటి బాటలలోని దుమ్మును బురదయు బిళ్ల మీద పడి రాగిని త్వరగా అరగదీసినవి. డ్రమ్ము మూతపెట్టిన పాత్ర. దానిలోనికి బురద చేరుట అరుదు. మీదుమిక్కిలి, తిరుగుచున్న డ్రమ్ము తన కమానును తానే లోనికి లాగుకొని బిగించుకొనును గనుక తొక్కువాని కాలికి శ్రమ తక్కువ. 1921లో అమెరికా దేశపు డ్యూసెన్‌బర్గు కారు నాలుగు చక్రములకును ద్రవపీడనముతో పనిచేయు బ్రేకులను ధరించి వచ్చినప్పుడు కూడ అవి డ్రమ్ములే. లాంచెస్టరు బిళ్ల సుమారు అర్ధ శతాబ్దము పాటు పేటెంటు కాగితములలో నిద్రించెను.

దానిని మేలుకొలిపినది వేగము. డ్రమ్ము గుణమే దాని దోషమైనది. మూతపెట్టిన పాత్రలో బురద చేరదు. వేడియు బయటకు పోదు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి కమానులకు దూరముగా జరుగును. త్రొక్కిన కొలది పెడలు లోనికి దిగును గాని కారు ఆగదు. లైనింగు కూడ అతి వేడిలో పట్టు విడుచును. కొండదారిలో దిగువారికిని, పందెములో పరుగిడువారికిని ఈ అనుభవము భయంకరము. ఇంజనీర్లు దీనికి ‘ఫేడు’ అని పేరు పెట్టిరి. డిస్కు విషయమున ఇది తలక్రిందులు. వేడికి అది ఉబ్బినను ప్యాడుల వైపునకే ఉబ్బును. రెండు ముఖములును గాలికి తెరచి యుండును.

రెండవ ప్రపంచ యుద్ధ కాలమునకు డిస్కు బ్రేకు విమానములలో కుదురుకొనెను. ఐతే విమానము ఒక మారు దిగి, ఒక మారు ఆగి, పిమ్మట తీరికగా చల్లారును. పందెపు కారు నిమిషమునకు రెండు మూడు మార్లు ఆగవలసి యుండును. ఈ తేడాను జయించుటకు ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీయు జాగ్వార్ కంపెనీయు 1950 తరువాతి యేండ్లలో కలసి శ్రమించినవి. నార్మన్ డ్యూయిస్ అను పరీక్షకుడు వేలాది మైళ్లు కారును నడిపి ఆపి, ఆపి నడిపెను. డిస్కు వేడి ప్యాడుల గుండ బ్రేకు ఆయిలునకు చేరి దానిని మరిగించుట వారికి ఎదురైన పెద్ద చిక్కు. మరిగిన ద్రవములో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కుటకు లొంగదు, ఆవిరి లొంగును. అప్పుడు పెడలు ఉత్త గాలిని త్రొక్కినట్లు నేలకు పోవును.

1952 జూన్ 29న ఫ్రాన్సులోని రైమ్స్ నగరమున స్టిర్లింగు మాస్ నడిపిన జాగ్వార్ సి-టైపు కారు స్పోర్ట్సు కార్ల పందెమును గెలిచినది. ఈ కొత్త డిస్కు బ్రేకులకు పందెములలో అదియే తొలి విజయము. మరుసటి యేట, 1953 జూన్ 13, 14 తేదులలో, లె మాన్ ఇరువది నాలుగు గంటల పందెము జరిగెను. ఆ బాటలో దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నని మార్గము కలదు. దాని చివర కారు ఒక్కుమ్మడిగా వేగము తగ్గించుకొని మలుపు తిరుగవలెను. అమెరికావారి కన్నింగుహాము కారు ఆ తిన్నని మార్గమున జాగ్వార్ కంటె వేగముగా పోవుచుండెను కాని అది డ్రమ్ముల బండి. మలుపునకు చాల దూరమునుండియే దానిని నిదానింపజేయవలసి వచ్చెను. జాగ్వార్ చోదకులు మలుపు సమీపించు వరకును వేగము విడువక, అప్పుడు బ్రేకు త్రొక్కుచుండిరి. చివరి గంటలో సైతము పట్టు సడలలేదు. టోనీ రోల్టు, డంకన్ హామిల్టన్ మొదట వచ్చిరి. జాగ్వార్ కార్లకు ఒకటవ, రెండవ, నాలుగవ స్థానములు దక్కినవి. కన్నింగుహాము మూడవది. లె మాన్ చరిత్రలో విజేత సగటు వేగము గంటకు నూరు మైళ్లు దాటుట అదియే మొదలు. బాగుగా ఆగగల కారే వేగముగా పోగలదను సత్యము ఆనాడు లోకమునకు తెలిసివచ్చెను.

ఆ సత్యమునకు రెండవ ముఖము 1955 జూన్ 11న అదే లె మాన్‌లో కనిపించినది. డిస్కు బ్రేకుల జాగ్వార్ డి-టైపును నడుపుచున్న మైక్ హాథార్న్ తన మజిలీ వద్ద ఆగుటకై వేగము తగ్గించెను. వెనుక వచ్చుచున్న లాన్స్ మాక్లిన్ తన ఆస్టిన్-హీలీ కారును ప్రక్కకు తప్పించెను. అంతకంటె వేగముగా వచ్చుచున్న పియేర్ లెవేగు నడుపు మెర్సిడెస్ ఆ కారును తాకి, గాలిలోనికి లేచి, గట్టును కొట్టుకొని, ప్రేక్షకుల మీద విచ్ఛిన్నమై పడెను. లెవేగును, ఎనుబది మందికి పైగా ప్రేక్షకులును మరణించిరి. మెర్సిడెస్ కారునకు డ్రమ్ములును, వీపున రెక్క వలె లేచి గాలిని అడ్డు ఫలకయు ఉండెను. ఒక్క బ్రేకు భేదమే ఆ ఘోరమునకు కారణమనుట న్యాయము కాదు. ఇరుకైన బాట, వేగముల తేడా, ప్రేక్షకులకు రక్షణ లేమి అన్నియు కలసినవి. విచారణలో ఏ ఒక్క చోదకునిపైనను నేరము మోపలేదు. ఐనను మనము గ్రహింపవలసిన దొకటి కలదు. ఆగుట అనునది ఒక్కని పని కాదు. ముందువాడు ఎంత దూరములో ఆగునో వెనుకవాని ప్రాణము దానిపై ఆధారపడి యుండును.

ఆ సంవత్సరముననే సిత్రోయెన్ కంపెనీ డి.ఎస్. కారును ముందు చక్రములకు డిస్కులతో ప్రదర్శించినది. పందెపు వస్తువు సంసారుల వస్తువైనది. ఆపై క్రమముగా రెండు బిళ్లల నడుమ గాలి దారులు విడిచిన దళసరి డిస్కులు వచ్చినవి. 1967 నమూనా పోర్షే 911 ఎస్ కారు అట్టి డిస్కులను ధరించెను. డిస్కులకు ఎన్నుకొన్న లోహము ఖరీదైన ఉక్కు కాదు, పోత ఇనుము. దానిలోని బొగ్గు పొరలు వేడిని త్వరగా ప్రాకించును, కీచుధ్వనిని మ్రింగును. అందుచేతనే అల్ప మూల్యమైన ఆ లోహము నేటికిని ఎక్కువ కార్లలో నిలిచి యున్నది.

ఇక ఆస్‌బెస్టాస్ మాట. వేడికి మాడక, అరుగుట తక్కువై, చవుకగా దొరికిన ఆ రాతినార దశాబ్దముల పాటు బ్రేకు లైనింగులకు ఆధారమైనది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమున కూడ ఈ ఖనిజపు గనులు నడిచినవి. ఐతే 1924లోనే ఇంగ్లండులోని రోచ్‌డేలు పట్టణమున ఆస్‌బెస్టాస్ వడకు పనిలో నుండిన నెల్లీ కెర్షా అను స్త్రీ ముప్పదిమూడేండ్ల ప్రాయమున ఊపిరితిత్తుల వ్యాధితో మరణించెను. ఆమె ఊపిరితిత్తులలో ఆ ఖనిజపు తునకలున్నట్లు వైద్యులు ప్రకటించిరి. 1960లో దక్షిణాఫ్రికా నుండి వెలువడిన పరిశోధన ఆ ధూళికిని, ఊపిరితిత్తుల పొరకు వచ్చు క్యాన్సరునకును గల సంబంధమును స్థాపించినది. డ్రమ్మును విప్పి లోపలి ధూళిని నోటితోనో గాలిపంపుతోనో ఊదివేయు మెకానిక్ ఎవని ప్రాణమును కాపాడుటకై ఆ పని చేయుచుండెనో, తన ప్రాణమును దానికి ఒడ్డుచుండెను. భారత ప్రభుత్వము 1986లో ఆస్‌బెస్టాస్ గనులకు కొత్త కౌళ్లు ఇచ్చుట నిలిపివేసినది. బ్రిటను 1999లోను, ఐరోపా సమాఖ్య 2005 నాటికిని ఈ ఖనిజమును నిషేధించినవి. అమెరికా 2024లో తెల్ల ఆస్‌బెస్టాస్‌పై నిషేధమును ప్రకటించుచు బ్రేకులను కూడ అందు చేర్చినది. తొలి మరణమునకును ఈ చట్టములకును నడుమ గడచిన కాలమును పాఠకులే లెక్కించుకొందురు గాక.

ఆస్‌బెస్టాస్ పోయిన పిదప ప్యాడులు పలు జాతులైనవి. నారలు, జిగురులు కలిపిన మెత్తని జాతి మొదటిది. ఇది నిశ్శబ్దము, చల్లగా నున్నను పట్టును, అతి వేడికి మాత్రము తాళదు. ఇనుప తునకలు కలిపిన జాతి రెండవది. వేడిని ఓర్చును, డిస్కును అరగదీయును, నల్లని ధూళి రాల్చును. పింగాణీ నారలు కలిపినది మూడవది; ధూళియు చప్పుడును తక్కువ, నగర ప్రయాణమునకు యోగ్యము. పందెముల ప్యాడులు వేరు జాతి. అవి వందల డిగ్రీల వేడిలో తమ బలము చూపును. ఉదయము ఇంటి నుండి బయలుదేరి మొదటి కూడలిలో పసివాడు అడ్డు వచ్చినప్పుడు, చల్లగా నున్న ఆ ప్యాడు తగిన పట్టు చూపక పోవచ్చును. బొగ్గునార డిస్కుల చరిత్ర ఇందుకు సాక్షి. కాంకర్డు విమానములో మెప్పు పొందిన ఆ పదార్థమును 1976లో గోర్డన్ మర్రే బ్రభామ్ పందెపు కారునకు తెచ్చెను. పందెములలో అది రాణించినది కాని చల్లగా నున్నప్పుడు పట్టదు గనుక బాట మీదికి రాలేదు. 2001లో పోర్షే తన 911 జి.టి.2 కారునకు అమర్చినది అది కాదు. బొగ్గునారను పింగాణీతో కలిపిన వేరొక పదార్థము. ఇనుము కంటె అది దాదాపు సగము తేలిక. ధర మాత్రము పలు రెట్లు.

ఈ చరిత్ర చేతనుండగా మన మొదటి ప్రశ్నకు సమాధానము కష్టము కాదు. కారును ఎచ్చట, ఎట్లు నడుపుదుమో మనస్సాక్షిగా చెప్పుకొని, ఆ వేడికి తగిన ప్యాడును ఎన్నుకొనవలెను. తయారీదారు నిర్ణయించిన పట్టునకు దగ్గరగా నుండుట మేలు. ఐరోపా దేశములు పాటించు ‘ఆర్ 90’ నిబంధన మార్పిడి ప్యాడు పనితనము అసలు ప్యాడు పనితనమునకు నూటికి పదునైదు పాళ్లకు లోపలనే తేడాగా నుండవలెనని శాసించుచున్నది. ఎక్కువ పట్టు కూడ దోషమేనని దీని భావము. ముందు చక్రములకును వెనుక చక్రములకును గల పట్టు నిష్పత్తి చెడి వెనుక చక్రములు ముందుగా బిగిసినచో కారు బొంగరమగును. ఒక ఇరుసు మీది రెండు చక్రములకును ఒకే జాతి ప్యాడులు, ఒకేసారి మార్చవలెను.

డిస్కు మీద సాధారణముగా దాని కనీసపు మందము చెక్కబడి యుండును. ఆ హద్దు దాటి అరిగిన డిస్కునకు వేడిని దాచుకొను లోహము తక్కువ. దానిని మార్చుట తప్పదు. రంధ్రములు చూచుటకు అందము. ప్యాడు నుండి వెలువడు ఆవిరులు పోవుటకు, వాన నీరు తొలగుటకు కొంత సాయము. కాని కఠినమైన వాడుకలో రంధ్రముల అంచుల నుండియే పగుళ్లు పుట్టును. అందుచేత పెక్కుమంది పందెముల వారు గాళ్లు తీసిన డిస్కులతోనో సాదా డిస్కులతోనో తృప్తిపడుదురు. కొత్త ప్యాడును కొత్త డిస్కును జంట చేసిన తరువాత, తయారీదారు చెప్పిన క్రమమున మధ్యమ వేగముల నుండి పలుమార్లు నిదానించుచు, నడుమ చల్లారనిచ్చుచు వానిని మచ్చిక చేయవలెను. అప్పుడు ప్యాడు పదార్థము పలుచని పొరగా డిస్కు మీద సమముగా అంటుకొనును. వేడి డిస్కు మీద ప్యాడును నొక్కి నిలిపి ఉంచినచో ఆ పొర ఒకచోట మందముగా అంటి, బ్రేకు త్రొక్కినప్పుడెల్ల వణకు పుట్టును. దానిని డిస్కు వంకరపోయినదని చాలమంది పొరబడుదురు.

అన్నిటికంటె చవుకైనదియు, అందరు మరచునదియు బ్రేకు ఆయిలు. ‘డాట్ 4’ రకము కొత్తగా నున్నప్పుడు కనీసము 230 డిగ్రీల వరకు మరుగకూడదు. అది గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ నిండినప్పుడు ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. వేలు పోసి డిస్కులు కొని, పాత ఆయిలును అట్లే విడుచుట, కోటకు ఇనుప తలుపులు పెట్టి గడియ మరచుట వంటిది. టైరు మాటయు ఇట్టిదే. బ్రేకు ఆపునది చక్రమును. కారును ఆపునది టైరు. అరిగిన టైరు మీద ఎంత గొప్ప డిస్కైనను వ్యర్థము.

నేడు ధూళి కథ మరల తెరపైకి వచ్చినది. ప్యాడులలోని రాగి వాన నీటితో వాగులలో చేరి చేపలకు హాని చేయుచున్నదని కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రములు 2010లో చట్టములు చేసి దానిని అంచెలంచెలుగా తగ్గించుచు వచ్చినవి. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన ‘యూరో 7’ నిబంధనలు బ్రేకుల నుండి రాలు ధూళికి మొదటిసారిగా హద్దు విధించినవి. పెట్రోలు కార్లలో పెక్కింటికి అది కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు. ఒక తరము వారి మౌనమునకు మూల్యమేమో రాతినార నేర్పిన పాఠము వృథా కాలేదని సంతసింపవచ్చును.

పాత బూటు ముక్క మొదలు బొగ్గునార వరకు సాగిన ఈ ప్రయాణములో ప్రతి మెట్టునను మానవుడు వేడితో ఒక ఒడంబడిక చేసికొనెను. ఆ ఒడంబడికలోని షరతులు తెలియక, అద్దాలలో మెరయు వస్తువును కొనుట విజ్ఞత కాదు. నిదానమే ప్రధానమని పెద్దలనిరి. కారు విషయమున నిదానమనగా నెమ్మదిగా పోవుట మాత్రమే కాదని మా మనవి. కావలసిన చోట, కావలసిన క్షణమున, ప్రతి మారును ఒకే తీరుగా ఆగగలుగుట కూడ నిదానమే. ఆ పనిని కారు యజమాని తన కొరకు మాత్రమే చేయుట లేదు. బాట దాటుచున్న ముసలమ్మయు, వెనుక వచ్చు సైకిలువాడును అతని ఎన్నికలో భాగస్వాములే.